పాత పసుపుతాడుతో కూవం వెంట

మా మనవరాలు రేవతికి పెళ్లయ్యాక ఇదే మొదటి ఆడి నెల, అదే తమిళుల ఆషాఢం. పద్దెనిమిదో రోజున నది ఒడ్డున తాళికి కొత్త పసుపుతాడు మార్చి, పాతది పారే నీళ్లలో వదలాలి. మా వాషర్‌మెన్‌పేట్‌లో అందరూ బకెట్ నీళ్లతో కానిచ్చేస్తారు. ఆ నీళ్లు పోయేది మోరీలోకే కదా! పిల్ల కాపురానికి ఏమవుతుందోనని నాకు వారంగా నిద్ర లేదు. మన పట్నంలో పారే కూవం నది పడమటి పల్లెల్లో శుభ్రంగా ఉంటుందని ఎవరో అంటే, అక్కడికే పోదామన్నాను.

తెల్లవారి నేనూ రేవతీ లోకల్ రైల్లో తిరువళ్లూరు, అక్కడి నుంచి పేరంబాక్కం బస్సు, ఆపైన ఆటో. బస్సు బ్రేకులు పడతాయో లేదో, ఆటో దారి తప్పుతుందేమో అని దారంతా నాకు దడే. ఆటో అబ్బాయి బండి ఆపి, "ఇదే నది, పాటీ" అన్నాడు. పాటీ అంటే తమిళంలో అవ్వ. చూస్తే ముళ్లతుప్పలు, మేకలు. చుక్క నీరు లేదు!

చెలమ తవ్వుదామని చేత్తో ఇసుక తోడాను. జానెడు లోతులోనే బంకమట్టి తగిలింది. మేకలు కాసుకునే తెలుగామె నవ్వింది.

"ఇసకంతా లారీల్లో మీ పట్నం మేడలకే పోయెనమ్మా. ఇంక ఊట యాడుంటాది?"

"మేడలా? మాది రేకుల ఇల్లు తల్లీ!" అని అరిచాను. ఒళ్లు మండిపోయింది.

తాగడానికి తెచ్చుకున్న సీసా నీళ్లు ఆ గుంటలో పోసి, పసుపు కుంకుమ పెట్టి, తాడు మార్చాం. నీళ్లు మట్టిలోకి ఇంకిపోయాయి. పాత తాడు నా చేతిలోనే మిగిలింది.

ఇక నది సముద్రంలో కలిసే చోటే గతి అనుకున్నాం. సాయంత్రం సెంట్రల్ స్టేషన్‌లో దిగి, ఆటోలో నేపియర్ వంతెనకు పోయాం. ఇక్కడ నిండా నీళ్లే. నల్లగా, ముక్కు పగిలే కంపుతో, కదలకుండా.

"ఎవురూ చూడటంలేదు అవ్వా, ఈడ ఏసెయ్" అంది రేవతి.

"నీ తాళితాడు ఈ మురికిలోనా? నోరు ముయ్యి!"

"నదే కదవ్వా."

"నది కాదే. ఊరందరి దొడ్డి!"

నది మొదట్లో ఇసుక ఎత్తుకుపోయాం, చివర్లో మురుగు వదిలాం. ఎండాకాలం వస్తే ట్యాంకరు దగ్గర బిందెలతో కొట్టుకునేదీ మనమే. ఎవరిని తిట్టాలో తెలియక ఆటోలో ఇంటిదాకా అందరినీ తిట్టాను. ఆ తాడు ఇంకా నా కొంగు ముడిలోనే ఉంది. చీర మార్చినప్పుడల్లా ఎక్కడ పారేసుకుంటానోనని ఇంకో చీర కొంగుకు ముడి వేసుకుంటున్నాను.

మీరూ పోయేటట్టయితే ఒక్క మాట. నదికి పోతూ ఇంటి నుంచి బిందెడు నీళ్లు మోసుకుపోండి.