క్రాంజీలో దొరికిన అలుగు, ఓబులేసు ఇచ్చిన మాట

ఆ ఆదివారం ఉదయం ఆరున్నరకు సింగపూర్ బెడోక్‌లో ఇంకా చీకటే. చెల్లెలు పద్మ ఫ్లాట్‌లో, వంటింటి పక్క అలమరలో ఉన్న దేవుడి ముందు దీపం పెట్టాను. కింద పార్కులో పెద్దవాళ్ళు పాట పెట్టుకుని చేతులు ఊపుతున్నారు. కాఫీ తాగి, పెరుగన్నం డబ్బాలో సర్దాను. ఇక్కడే భవనాలు కట్టే పనిచేసే మా తమ్ముడు ఓబులేసుకు ఆ రోజు సెలవు. ఉత్తరాన సుంగై బులో మడ అడవులకు ఇద్దరం కలిసి వెళ్ళాలనుకున్నాం. నేను ఈ ఊరు వచ్చి మూడు వారాలైనా వాడితో ఒక పూట గడపలేదు. ప్రయాణానికి కారణం అంతే.

ఎనిమిదింటికి వాడి ఫోన్. “అక్కా, అడవికి ఇంగోరోజు పోదాం. అలుగు దొరికింది. కూర నువ్వే వండాల” అన్నాడు. ఒళ్ళంతా పొలుసులతో, ముట్టుకుంటే బంతిలా చుట్టుకుపోయే జంతువు అలుగు. రాత్రి వానకు, క్రాంజీలో వాడుండే పనివాళ్ళ డార్మిటరీ పక్క కాలువలో పడి పైకి ఎక్కలేకపోయిందట. చిన్నప్పుడు నాన్న కొండ నుంచి తెస్తే నేనే వండేదాన్ని. వేడినీళ్ళు పోసి పొలుసులు ఒలిచి, ఎండుమిర్చి, ధనియాలు, కొబ్బరి నూరి వేసి, కట్టెల పొయ్యి మీద రెండు గంటలు ఉడికించాలి. రాగి సంగటిలోకి బాగుండేది. బాగుండదని అబద్ధం చెప్పను. ఇప్పుడు మన దేశంలోనూ అది నేరమే.

పద్మ కూతురు నిహారిక విని, “క్యానాట్ లా పెద్దమ్మా, అస్సలు కుదరదు. మామను ఇండియా పంపించేస్తారు” అంది. వాడి వర్క్ పర్మిట్ పోతే ఇంటికి ఇంకో ఆధారం లేదు. ఇద్దరం బయలుదేరాం. బెడోక్‌లో రైలెక్కి, సిటీ హాల్‌లో ఎర్ర లైనుకు మారి క్రాంజీలో దిగాం. గంటంబావు పట్టింది. మనిషికి రెండున్నర డాలర్లలోపే. దారంతా అమ్మవారి నామం చెప్పుకుంటూనే ఉన్నాను.

డార్మిటరీ గేటు బయట, చెట్టు కింద పెయింట్ బకెట్‌లో అలుగు చుట్టుకుని ఉంది. మా వైపు వేట పడితే చూసినవాళ్ళందరికీ వాటా ఇవ్వాలి. ఓబులేసు ఆ ఆనవాయితీ ప్రకారమే ఫోటో తీసి, మా జిల్లావాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. పదకొండు మంది చూశారు. తోక నాకంటే నాకని అప్పుడే తగవు పడుతున్నారు.

నిహారిక చెప్తే ఫోటో తీసేశాడు గానీ, బకెట్ వదల్లేదు. “వాటా ఇస్తానని చెప్పేసినా అక్కా. మాట తప్పి వాళ్ళ మొహాలు ఎట్లా సూసేది?”

“వాటా ఇద్దాంలే. అలుగే ఇస్తానని రాసిచ్చినావా?” అన్నాను.

వాడు బకెట్ నా వైపు జరిపాడు. నిహారిక వన్యప్రాణులను కాపాడేవాళ్ళకు ఫోన్ చేసింది. ముప్పావుగంటలో ఒకామె వచ్చి, అలుగును చూసి, కాలి మీద గీత తప్ప దెబ్బలేమీ లేవని చెప్పింది. తరువాత, బకెట్‌లో ఎందుకు పెట్టారని అడిగింది. ఓబులేసు ముఖం పాలిపోయింది.

“తిందామనే అని చెప్పు” అన్నాను నిహారికతో.

నిహారిక చెప్పింది. ఈసారి ముట్టుకోకుండా ముందే ఫోన్ చెయ్యమని, ఇప్పటికైనా చేసినందుకు థ్యాంక్స్ అని చెప్పి ఆమె, అలుగును తీసుకుపోయింది.

ఇంకా పదకొండున్నరే. క్రాంజీ నుంచి బస్సులో ఇరవై నిమిషాలకు మడ అడవులు చేరాం. ప్రవేశం ఉచితం. చెక్క వంతెన మీద నడుస్తుంటే, బురదలో మొసలి నోరు తెరుచుకుని ఎండ కాచుకుంటోంది. ఓబులేసు చాలాసేపు చూసి, “దీన్ని ఫోటో తీసుకోవచ్చా?” అని నిహారికను అడిగాడు. ముగ్గురం పెరుగన్నం తిన్నాం. వాడు రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు.

ఒకప్పుడు తిన్నదానికి నాకిప్పుడు సిగ్గు లేదు. ఆ కొండ, ఆ ఆకలి వేరు. అయితే బకెట్‌లో ముడుచుకున్న ఆ ప్రాణాన్ని చూశాక, ఇంక నా చేత్తో వండలేను. తమ్ముడితో గడపడానికి ఒక పూట కోరుకున్నాను, దేవుడు ఇచ్చాడు. మీరు ఆ మడ అడవులకు వెళ్ళేట్టయితే నీళ్ళసీసా ఇంటి దగ్గరే నింపుకోండి. మధ్యాహ్నం ఎండ గట్టిగా ఉంటుంది.

సాయంత్రం పద్మ ఫ్లాట్‌లో కూర్చుని మాట్లాడుకున్నాం. వచ్చే ఆదివారం పదకొండు మందికీ ఇక్కడే భోజనం. కోడికూర, సంగటి నేను వండాలి. అయితే అలుగును వదిలేశామని ఒక్కొక్కరికీ ఓబులేసే తన నోటితో చెప్పాలి. ఆ షరతు నాది. వాడు ఒప్పుకుని, మొదటి ఫోన్ నా ముందే చేశాడు.