రేకుల గదికి పన్ను

ఆ రోజుల్లో హౌరాలో నాకు మాట్లాడే మనిషి లేక, దుకాణాల మీది బెంగాలీ బోర్డులు కూడబలుక్కుంటూ పైకే చదివేవాణ్ణి. దారినపోయేవాళ్ళు పిచ్చివాడనుకుని తప్పుకునేవారు (ఆ మాత్రమైనా గమనించారు కదా అని సంతోషించేవాణ్ణి). షాలిమార్ గూడ్సు ఆఫీసులో గుమాస్తా పని. టికియాపారాలో, శ్రీకాకుళం నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ ఒక రైల్వే కళాసీగారి భార్య ఇంటి మేడ మీద రేకుల గదిలో మకాం. మామ్మా అని పిలిచేవాణ్ణి. భర్త పోయాక ఆవిడా ఒంటరే. అయినా కింద ఆవిడ, పైన నేను, మధ్యలో మాటల్లేవు. అద్దె తీసుకునేది కాదు. రేషను తెచ్చి గుమ్మంలో పెడితే చాలనేది.

ఒక ఏడాది మునిసిపాలిటీవాళ్ళు మా వీధిలో మురుగుకాలువ కట్టి, ఆ ఖర్చుకని ఇళ్ళన్నిటికీ ప్రత్యేక పన్ను వేశారు. మామ్మకైతే, మేడ మీది గదికి అద్దె వస్తోందని రాసి ఇంకా పెంచారు. అంత కట్టలేను, రేకులు పీకించేస్తానంది. అంటే నేను వీధిన పడ్డట్టే. అభ్యంతరముంటే ఆఫీసుకు వచ్చి చెప్పుకోవచ్చని పన్ను నోటీసు అడుగున ఉంది. ఆ సంగతి నేను చూస్తానన్నాను (కుర్చీలో కూర్చుని ఎవరో ఒకరు నా మాట వింటారన్న ఆశ కూడా లేకపోలేదు). సాయంత్రాలు గోడకెదురుగా నిలబడి బెంగాలీలో ఉపన్యాసం సాధన చేశాను.

విచారణ రోజున మామ్మను వెంటబెట్టుకుని వెళ్ళి, కళ్ళజోడు ఆఫీసరు ముందు రెచ్చిపోయాను. అసలది గదే కాదన్నాను. నిటారుగా నిలబడితే తల రేకుకు కొట్టుకుంటుందన్నాను. వాన బయటికంటే లోపలే ముందు కురుస్తుందన్నాను. ఎండాకాలం పావురాలు కూడా వాలవన్నాను. ఆ ఊళ్ళో అంత ఓపిగ్గా నన్ను విన్నవాడు మరొకడు లేడు. అంతా విని ఆయన, అయితే అక్కడ మనుషులెవరూ ఉండరన్నమాట, అంటూ కలం తీశాడు. అవునంటే గెలుస్తాం. కాని ఆ మాట నిజమేనేమో అనిపించింది.

ఆయన ఏం రాస్తున్నాడని మామ్మ అడిగింది. పైన ఎవరూ లేరని, అన్నాను.

"ఎవులూ నేకపోడమేటి? నువ్వు మనిసివి కావేటి, బాబూ?" అంది. తర్వాత ఆయన వైపు తిరిగింది. "దాదా, పైన మావోడున్నాడు. ఆడి దగ్గు ఇనబడితేనే నాకు నిద్దరొత్తాది. పన్నెయ్యాలంటే ఎయ్యి. ఎవులూ నేరని మాత్రం రాయకు."

అన్నేళ్ళున్నా ఆవిడకు బెంగాలీ పట్టుబడలేదు, అది బెంగాలీలో చెప్పమని నాకు పురమాయించింది. నా గురించి నేనే తర్జుమా చేయాల్సి వచ్చింది. దగ్గుకు బెంగాలీ మాట తోచక దగ్గి చూపించాను. ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వాడు. అద్దె ఎంతని అడిగితే, మావాడి దగ్గర అద్దేమిటని మామ్మ తిరిగి ఆయన్నే అడిగింది. గదికి వేసిన పన్ను కొట్టేశాడు, కాలువది మిగిలింది.

ఇంటికి నడుస్తూ దారంతా, తన గదిని పరాయివాడి ముందు అన్నేసి మాటలన్నానని సాధించింది. ఆ సాయంత్రం నుంచి మాత్రం, నేను ఆఫీసు నుంచి రాగానే మెట్ల కింద నిలబడి, "ఉన్నావేటి బాబూ?" అని అడిగేది. "ఉన్నాను మామ్మా" అని అరిచేవాణ్ణి. ఆవిడకు వినపడడానికి అంత గొంతు అక్కర్లేదు. వీధి మొగదాకా వినిపించేలా ఎందుకరిచేవాడో అప్పటి ఆ కుర్రాడు, తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.