స్టాప్ లివర్‌కు కట్టిన తీగ

జనరేటర్ మేస్త్రికి వేళ్లు ఎనిమిదే. కుడిచేతి చిటికెన వేలూ, దాని పక్క వేలూ లేవు. ఒకనాడు బెల్టు బిగిస్తుంటే ఎవడో మహానుభావుడు స్టార్టర్ నొక్కాడు. అప్పటినుంచి ఎనిమిది వేళ్ల మేస్త్రి అంటే ఆయనే. పాము కరిచినవాడు తాడును చూసినా జడుసుకుంటాడంటారు కదా, ఇంజన్‌లో చెయ్యి పెట్టేముందు బ్యాటరీ వైరు పీకుతాడు, అదీ చాలక ఇంజన్‌ను ఆపే స్టాప్ లివర్‌ను వెనక్కి లాగి రాగితీగతో కట్టేస్తాడు. అలా కడితే ఇంజన్‌కు డీజిల్ అందదు, ఎవడేం నొక్కినా అది అందుకోదు. "స్టార్టర్‌కి రెండు వేళ్లే పోయాయి. ఇంజన్ అందుకునుంటే చెయ్యే పోయేది," అని నవ్వుతాడు. పనిమంతుడే. కాకపోతే ఆ జాగ్రత్త చాదస్తం దాకా పోయింది.

ఈమధ్య నర్సింగ్ హోమ్ జనరేటర్‌కు కొత్త బెల్టు వేశాడు. తీరా చూస్తే ట్యాంకులో చుక్క డీజిల్ లేదు. సాయంత్రం తెచ్చి పోస్తానన్నాడు వాచ్‌మన్. మేస్త్రి బ్యాటరీ వైరు బిగించి, "రేపొచ్చి తిప్పి చూస్తాలే," అని, జనరేటర్ పనులు రాసే పుస్తకంలో 'ఓకే' అని రాసేసి వెళ్లిపోయాడు. ఆ రేపు రానేలేదు. ఇంకోచోట పని తగిలి, సంగతే మరిచిపోయాడు.

వారం తిరక్కుండానే ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మేడమీద గదిలో వాచ్‌మన్ భార్య ఊపిరి మిషన్ మీద ఉంది. మిషన్ సొంత బ్యాటరీ అరగంటకు మించి రాదు. బటన్ నొక్కితే జనరేటర్ తిరుగుతోంది గానీ ఇంజన్ అందుకోవడం లేదు. కబురందగానే మేస్త్రి సైకిల్ మీద పరుగున వచ్చాడు.

"ట్యాంకు ఎండింది కదా, పైపుల్లో గాలి పట్టుంటుంది. నువ్వు బటన్ దగ్గరుండు తమ్ముడూ."

ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, చేతిపంపు కొట్టి, బుడగలు పోయేదాకా డీజిల్ వదిలాడు. "తిప్పు!" అందుకోలేదు. పైపుల నట్లు విప్పి తిప్పమన్నాడు. ఒక్క చుక్క రాలేదు. ఇంజన్‌కు డీజిల్ అందించే పంపే పోయిందనుకున్నాడు. ఇన్నేళ్ల అనుభవమూ ఆయన్ని తప్పుదారే పట్టించింది.

నర్సు మెట్లమీదికొచ్చి అరిచింది. "మిషన్ ఆగిపోయింది! చేత్తో గాలి కొడుతున్నాం, చాలట్లేదు!"

వాచ్‌మన్ నాలుగడుగులు పరుగెత్తి, మళ్లీ వెనక్కొచ్చాడు. తను పోతే బటన్ ఎవరు నొక్కుతారు?

పంపు విప్పుదామని, తొందరలో బ్యాటరీ వైరు కూడా పీకకుండా, మేస్త్రి దాని వెనక్కి చెయ్యి పోనిచ్చాడు. తీగ తగిలింది. తన ముడే. విప్పి, తీగ జేబులో కుక్కి, నట్లు బిగించి, "తిప్పు," అన్నాడు.

ఇంజన్ అందుకుంది. దీపాలు వెలిగాయి. వాచ్‌మన్ రెండు చేతులూ జోడించి మేడమీదికి పరుగెత్తాడు. చాలాసేపటికి నర్సు దిగివచ్చి, కళ్లు తుడుచుకుని పక్కకు తిరిగి నిలబడింది.

ఆరోజు మేస్త్రి తలవంచుకుని వెళ్లిపోయాడు. నోరు విప్పే ధైర్యం లేకపోయింది. పిరికితనం, ఇంకో పేరెందుకు?

ఐదోరోజు వాచ్‌మన్ పనిలోకొచ్చాడని విని బయల్దేరాడు. జనరేటర్ గదిలో ముక్కాలిపీట మీద కూర్చుని, ఒళ్లో పుస్తకం పెట్టుకుని ఉన్నాడు వాచ్‌మన్. గడ్డం మాసింది. కరెంటు పోయిన నాటి వరస సగమే నిండింది.

"జనరేటర్ అందుకోకపోడానికి కారణం రాయమంటున్నారన్నా. గాలి పట్టిందని రాయనా?" అన్నాడు. ఆగి, "ట్యాంకు నేనే ఎండబెట్టాను. నా చేతులారా నేనే చంపుకున్నా దాన్ని," అన్నాడు.

గాలేనంటే అక్కడితో సరి. ఎవరూ అడగరు. మేస్త్రికి ఆ ఆశ పుట్టింది కూడా, అబద్ధమెందుకు. కానీ ఆ మనిషి మొహం చూస్తూ ఊరుకోలేకపోయాడు. జేబులోంచి తీగ తీసి పుస్తకం మీద పెట్టాడు.

"గాలి కాదు తమ్ముడూ. బెల్టు వేసిననాడు లివర్‌కి ఇది కట్టాను. విప్పలేదు."

వాచ్‌మన్ తీగను చూశాడు. మెల్లగా వెనక పేజీ తిప్పి, మేస్త్రి చేతిరాత మీద వేలు పెట్టాడు.

"ఓకే అని రాశావు కదన్నా," అన్నాడు.