ద్రాక్ష మాగే నెల

మాది మదనపల్లె. ఉద్యోగానికి హోసూరు వచ్చిన రెండో ఏడు, ఆఫీసులో ఆరుగురం కలిసి వైన్ రుచి చూసే యాత్రకు వెళ్లాలనుకున్నాం. ఏ నెలలో వెళ్లాలో తేల్చే పని నాకు అప్పగించారు. వానాకాలమైతే చల్లగా ఉంటుందని అందరూ అన్నారు. తోటలో పండు ఉండాలి కదా అని నేను పట్టుబట్టి ఫిబ్రవరి ఖాయం చేశాను.

పొద్దున డెంకణికోట దగ్గర ద్రాక్షతోట చూసి, మధ్యాహ్నం కర్ణాటక వైపు వైనరీకి వెళ్లాలని ఏర్పాటు. తోట యజమాని మునియప్ప మమ్మల్ని సాళ్ల మధ్యకు తీసుకెళ్లాడు. నేను నల్లటి గుత్తులను గర్వంగా ఫొటోలు తీస్తుంటే, ఆయన ఉన్నట్టుండి చెయ్యెత్తాడు.

"ఎవురూ మాట్లాడొద్దండప్పా. అట్లే వెనక్కి నడవండి."

సాలు చివర ఏనుగు. తీగలను తొండంతో పీకి తింటోంది. నేను ఫోను దించకుండా అటే చూస్తున్నాను. మునియప్ప నా మోచెయ్యి పట్టుకుని పంపుషెడ్డులోకి లాగి, అందరూ వచ్చాక తలుపేశాడు. అరగంట సేపు ద్రాక్ష పందిరి రాతి స్తంభాలు విరిగే చప్పుడు వింటూ కూర్చున్నాం.

"మంచి నెల చూసే వచ్చినారమ్మా," అన్నాడాయన మెల్లగా. "పండు మాగిందని మీకు చెప్పినోళ్లే దానికీ చెప్పినట్లుండారు."

అంత భయంలోనూ నవ్వొచ్చింది. బయటికొచ్చి చూస్తే మూడు సాళ్లు నేలమట్టమై ఉన్నాయి. ఆయన మాత్రం నలగని గుత్తులు ఏరి మా చేతుల్లో పెట్టాడు. "ఈడిదాకా వచ్చినారు, తినకుండా పోతే ఎట్ల?"

మధ్యాహ్నం వైన్ రుచి చూశాం, బాగానే ఉంది. కానీ నేను కోరి ఎంచుకున్న ఆ నెల, పండించినవాళ్లకు ఏనుగుల భయంతో కంటిమీద కునుకులేని నెలని ఆ రోజే తెలిసింది.