సంగటి కుండా, ఎడమ కాలూ

మా అనంతపురం వైపు వానలో జారిపడి కాలు విరగ్గొట్టుకున్నానని చెబితే, జనం ముందు కాలు సంగతి అడగరు, వాన సంగతి అడుగుతారు. నన్ను చూడ్డానికి ఆసుపత్రికి వచ్చినవాళ్ళంతా అదే పని చేశారు. యాపిల్ పళ్ళ కవరు మంచం మీద పెట్టి, కట్టు వైపు ఓసారి చూసి, "మీ పక్క గట్టిగానే పడిందంట గదా వాన? మా రాప్తాడు దిక్కు ఒక్క చినుకు లేదు" అనేవారు. నేనూ తక్కువదాన్ని కాదు. కాలు దిండు మీద పెట్టుకునే, ఎంతసేపు కురిసిందో, చెరువులోకి నీళ్ళు వచ్చాయో లేదో విడమరిచి చెప్పేదాన్ని.

జరిగింది చెప్పుకోవడానికి చిన్న విషయమే. మేం ఉండేది బుక్కరాయసముద్రంలో. చాలాకాలానికి మంచి వాన వస్తే మా వీధంతా వాకిళ్ళలోకి వచ్చి నిలబడింది. నేనూ నిలబడి ఊరుకోవచ్చు కదా. మేడ మీద ఆరబోసిన చింతపండు గుర్తొచ్చి పరిగెత్తాను. దిగేటప్పుడు చేతిలో చాట, చాటలో చింతపండు, కాలి కింద ఏడాది దుమ్మంతా నాని తయారైన బురద. చింతపండు ఒక్క రెబ్బ కూడా నేలపాలు కాలేదు. ఎడమ చీలమండ మాత్రం లోపలివైపూ, బయటివైపూ విరిగింది.

ఆపరేషన్ చేసి బయటివైపు ఒక ప్లేటు, లోపలివైపు రెండు స్క్రూలు వేశారు. మా ఆయనది బోరు మోటార్లు బాగుచేసే షాపు. ఎక్స్‌రేని వెలుతురులో పెట్టి చూసి, "స్క్రూలు బాగా బిగించినారు, ఊడేది కాదులే" అన్నాడు. ఆయన నోట అంతకంటే పెద్ద మెచ్చుకోలు నేను ఎప్పుడూ వినలేదు.

కొన్ని నెలలకు ఎముక అతికిందని డాక్టరు చెప్పాడు. ఆ మాటతో లోకం దృష్టిలో నాకు నయమైపోయింది. నా కాలికి మాత్రం ఆ కబురు అందలేదు. పొద్దున లేచి మొదటి అడుగు వేస్తే అది నా కాలు కాదు, ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టు ఉంటుంది. వంటింటి దాకా నడిస్తే కొంచెం దారికొస్తుంది. నేను హైస్కూల్లో టీచర్ని, నిలబడకపోతే పాఠం సాగదు. సాయంత్రం బెల్లు కొట్టేసరికి చెప్పు పట్టీ చర్మంలోకి దిగి అచ్చు పడుతుంది. మెట్లు ఎక్కడం సులువే, దిగడమే కష్టం. చలికాలం వస్తే లోపలి లోహం నాకంటే ముందు లేచి కూచుంటుంది. లోపలి స్క్రూల మీదుగా, కుట్ల మచ్చ కింద, అరచేతిలో సగమంత మేర అసలు స్పర్శే లేదు. వేలితో రాస్తే ఎవరో పక్కింటివాళ్ళను తడుతున్నట్టు ఉంటుంది.

రెండు విషయాల్లో ఆ ఇనుము నన్ను పూర్తిగా నిరాశపరిచింది. ఒకటి, రైల్వే స్టేషన్లో మనుషుల్ని తనిఖీ చేసే మెటల్ డిటెక్టరు ద్వారం గుండా నడిస్తే అది కుయ్యిమంటుందని మా ఆయన అందరికీ చెప్పి పెట్టాడు. నేను ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ నడిచాను, ఒక్క కూత కూయలేదు. పోలీసాయన "ఏమన్నా పోగొట్టుకున్నావామ్మా?" అని అడిగాడు. రెండోది, ఆపరేషన్ అయినవాళ్ళకు వాన ముందే తెలుస్తుందని వీధి వీధంతా నమ్మింది. శనక్కాయ విత్తనం సిద్ధం చేసుకున్న ఎదురింటాయన రోజూ గేటు దగ్గర ఆగి, "కాలు ఏమంటాంది టీచరమ్మా?" అనేవాడు. కాలు ప్రతిరోజూ వాన వస్తుందనే అంది. మబ్బులు ఎప్పటిలాగే మా మీదుగా ఎటో పోయాయి. ఆయన అడగడం మానేశాడు.

ఇవన్నీ నవ్వుకుంటూ భరించేదాన్నే. నన్ను నిజంగా పీడించింది వేరే. నేను సంగటి చేయలేకపోతున్నాను.

సంగటి పొయ్యి మీద ఉడుకుతుంది కానీ, తయారయ్యేది నేల మీద. మెత్తగా ఉడికిన బియ్యం మీద రాగిపిండి పోసి, మగ్గనిచ్చి, సత్తు కుండ కిందికి దించి, నేల మీద కూచుని, రెండు పాదాల మధ్య కుండను బిగించి పట్టి, రెండు చేతులా తెడ్డు తిప్పాలి. పిండి బిగుసుకునే కొద్దీ తెడ్డుతో పాటు కుండ కూడా తిరగబోతుంది. దాన్ని ఆపేది పాదాలే. కాలకుండా మధ్యలో మసిగుడ్డ మడిచి పెట్టుకుంటాం. చూసేవాళ్ళు బలమంతా చేతుల్లో ఉందనుకుంటారు కానీ, చీలమండలు గట్టిగా లేకపోతే సంగటి లేదు.

నాకు ఈ విద్య నేర్పింది మా అత్త. కొత్తచెరువు దగ్గర పల్లెలో పుట్టి, రాగులూ శనక్కాయలూ తిని పెరిగిన మనిషి. పెళ్ళై వచ్చిన కొత్తలో నా సంగటి ముద్దను విరిచి, లోపల దాగిన పిండి ఉండలను ఒక్కొక్కటే ఏరి, కంచం అంచున వరసగా పెట్టేది. ఆ వరస చూస్తే నాకు ఒళ్ళు మండేది. కొన్నేళ్ళకు ఒకరోజు ఆ అంచు ఖాళీగా ఉంది. ఆమె కంచం ముందుకు జరిపి, "ఇంగొకటి ఎయ్యి" అంది. ఉద్యోగం ఆర్డరు చేతికొచ్చిన రోజు కూడా నేను అంత పొంగిపోలేదు.

ఇప్పుడు ఆమెకు భుజం పట్టేసింది. చెయ్యి తల దాకా లేవదు, తెడ్డు తిప్పడం అసలే కుదరదు. కాళ్ళు మాత్రం నావాటికంటే నయం. పొద్దున్నే చెరువు కట్ట దాకా నడిచొస్తుంది.

నేను మంచాన పడ్డాక సంగటి బాధ్యత మా ఆయన నెత్తిన పడింది. కింద కూచోవడం తన వల్ల కాదని, గ్యాసు అరుగు దగ్గర నిలబడి ఒక చేత్తో పట్టకారు, ఒక చేత్తో తెడ్డు పట్టుకున్నాడు. కుండా తెడ్డూ కలిసి గుండ్రంగా తిరిగాయి. పిండి ఎక్కడిదక్కడే ఉంది. అత్త ముద్ద విరిచి చూసి, "ఏమప్పా, గోలీలు ఆడుకునేకి చేసినావా?" అంది. ఆయనకు పౌరుషం వచ్చింది. మరుసటి వారం షాపు నుంచి పైపులు బిగించే వైసు తెచ్చి, కుండ అంచును అరుగుకు బిగించాడు. కుండ ఈసారి కదల్లేదు, అంచు వంకరపోయింది. ఆ తర్వాత మా ఇంట్లో సంగటి లేదు.

అన్నమే తిన్నాం. అత్త ఏమీ సణగలేదు. నాకు భయం వేసింది అందుకే. ఇన్నేళ్ళు ఉప్పు దగ్గర నుంచి ముగ్గు దాకా నన్ను తప్పుపట్టిన మనిషి, అన్నం కలుపుకుని, సగం తిని, "సాలు" అని లేచిపోయేది. చేతి గాజులు మోచేతి వైపు జారడం మొదలైంది. "అన్నం తింటే తిన్నట్టు ఉండదు" అని ఒకసారి పక్కింటామెతో అంటుంటే విన్నాను. మాకు మాత్రం ఆ మాట చెప్పలేదు. సంగటి కెలికి ఆమె కంచంలో పెట్టాలి, అంతకుమించి ఆ కాలితో నాకు పనిలేదనిపించింది.

డాక్టరు దగ్గరికి పోయినప్పుడు అదే చెప్పాను. కుర్ర డాక్టరు, ఓపిక ఉన్నవాడు. "నడుస్తున్నారు, మెట్లు ఎక్కుతున్నారు, బస్సెక్కి బడికి పోతున్నారు. ఇంకేం ఇబ్బందమ్మా?" అన్నాడు. "కింద కూచుని కుండ పట్టలేకపోతున్నా సార్" అన్నాను. ఆయన నా మొహం, మా ఆయన మొహం చూశాడు. మా ఆయన వైసు కథ ఎత్తుకోబోతే ఆయన కాలు తొక్కాను, మంచి కాలితోనే. డాక్టరు మెల్లగా వ్యాయామం చేయమన్నాడు. మరీ బాధగా ఉంటే ప్లేటు తీసేయొచ్చు, లేకపోతే ఉండనివ్వొచ్చు అన్నాడు. తిమ్మిరి ఉన్నచోట జాగ్రత్త, వేడీ దెబ్బా తెలియవు అని కూడా అన్నాడు. నేను వ్యాయామం అన్న మొదటి మాట దగ్గరే ఆగిపోయాను.

అత్త చెరువు కట్టకు పోగానే నా సాధన మొదలయ్యేది. కుండలో ఇసుక పోసి, నీళ్ళు చల్లి, కింద కూచుని తెడ్డు తిప్పేదాన్ని. మొదట్లో చీలమండ వంగేది కాదు, వంగితే నిలిచేది కాదు. పళ్ళు బిగబట్టి తిప్పేదాన్ని. ఒకరోజు మా ఆయన చూసి, "ఇసక సంగటికి ఊరిబిండి రుబ్బల్లా?" అని పచ్చడి సంగతి అడిగాడు. అడిగి ఊరుకోకుండా, ఇసుక జల్లించి తెచ్చిపెట్టాడు.

ఒక ఆదివారం ఇసుక పారబోసి, కుండ తోమి, నిజంగానే సంగటి పెట్టాను. కుండ దించి కూచున్నాను. ఎడమ పాదం ఆనింది, నిలిచింది. తెడ్డు తిప్పుతుంటే చెమట కళ్ళలోకి కారింది, తుడుచుకోలేదు. కుండ ఒక్క బెత్తెడు కూడా జరగలేదు. ముద్దలు చేసి, శనక్కాయల ఊరిబిండి పక్కన వేసి, అత్త ముందు పెట్టాను. ఆమె ముద్ద విరిచింది. వెతికింది. కంచం అంచు ఖాళీగా ఉంది. రెండో ముద్ద అడిగి వేయించుకుంది. నాకు కేకలు పెట్టాలనిపించింది.

చెయ్యి కడుక్కుని వస్తూ ఆమె నా దగ్గర ఆగింది. నేనింకా కిందే కూచుని ఉన్నాను, లేవడం ఎప్పుడూ ఆలస్యమే. "ఏందే అది?" అంది నా కాలు చూస్తూ. లోపలి చీలమండ మీద తెల్లగా ఏదో ఉంది. సంగటి అంటుకుందేమోనని తుడవబోయాను. అది తుడుపుకు రాలేదు. బొబ్బ. మసిగుడ్డ ఎప్పుడు జారిందో, కుండ పొట్ట స్క్రూల దగ్గరి చర్మాన్ని ఎంతసేపు కాల్చిందో నాకు తెలియనే లేదు.

"కాలింది తెలీలేదా?"

"తెలీలే అత్తా."

"నొప్పి తెలీని కాలు నిప్పు కాడ పెడతారా ఎవరన్నా? నా సంగటి కోసరం కాలు కాల్చుకుంటావా?" అని గట్టిగా అరిచింది. కొడుకును పిలిచి కుండనూ తెడ్డునూ అటక ఎక్కించింది. నేను గోడకానుకుని ఏడ్చాను. నొప్పి ఉంటే ఏడ్చేదాన్ని కాదు, నొప్పికి నేను అలవాటు పడ్డాను. నొప్పి లేదని ఏడ్చాను. అన్నీ నేర్పించాక ఆ కాలు నాకు చెప్పాల్సిన ఒక్క మాట చెప్పలేదు. మందు రాస్తూ మా ఆయన, "వైరింగు కదా, టైం పడ్తాది" అన్నాడు. ఆ మాటకు కూడా ఏడుపొచ్చింది.

పుండు మానింది. ప్లేటు తీయించుకుంటే స్పర్శ వస్తుందా అని డాక్టరును అడిగాను. నమ్మకంగా చెప్పలేనన్నాడు. అయితే ఉండనీ అన్నాను, మళ్ళీ మంచం ఎక్కే ఓపిక నాకు లేదు. ఇంట్లో మళ్ళీ అన్నం, మళ్ళీ "సాలు".

మరో ఆదివారం నేను కూరగాయలు తీసుకుని ఇంటికొచ్చేసరికి వంటింట్లోంచి రాగిపిండి ఉడికే వాసన. అటక మీది కుండ పొయ్యి మీద ఉంది. మా ఆయన గోడ పక్కన, చెప్పిన పని చేసి తిట్లు తిన్నవాడిలా నిలబడ్డాడు. అత్త నేల మీద గోనెపట్ట పరిచి, మసిగుడ్డలు మడుస్తోంది.

"కుండ దించప్పా," అని కొడుకుతో చెప్పి, నా వైపు తిరిగింది. "సూస్తాండావేమి? కూచో. ఆ ఇనప కాలు అవతలికి పెట్టు."

కూచున్నాను. ఎడమ కాలు దూరంగా చాపుకున్నాను. కుడి పాదం కుండకు ఆనించాను. ఆమె నా ఎడమ పక్కన చతికిలబడి, చీర కుచ్చిళ్ళు పైకి లాక్కుని, నా ఎడమ పాదం ఉండాల్సిన చోట తన పాదం పెట్టి, కుండను బిగించింది. ముడతలు పడి, పగుళ్ళు ఇచ్చిన పాదం. తెడ్డు పట్టుకున్నాను. రెండు చుట్లు తిప్పేసరికి కుండ అవతల నా బొటనవేలు ఆమె బొటనవేలికి తగిలింది. పెద్దవాళ్ళకు కాలు తగిలితే చేత్తో తాకి కళ్ళకద్దుకోవడం చిన్నప్పటి అలవాటు. చెయ్యి దానంతటదే తెడ్డు వదిలి కిందికి పోయింది.

"దండాలు తర్వాత పెడుదువులే. ముందు తిప్పు, బిగుసుకుంటాది," అంది.

తిప్పాను. కుండ బిగించడంలో ఆమెకూ, తెడ్డు తిప్పడంలో నాకూ ఊపిరి ఆడలేదు. మధ్యలో ఒకసారి ఆమె ఎటో చూస్తే కుండ రవ్వంత జరిగింది. ఇద్దరం కలిసి మా ఆయనను తిట్టాం, ఆయన ఏమీ చేయకపోయినా.

ముగ్గురం తినడానికి కూచున్నాం. అత్త ముద్ద విరిచి, ఎప్పటిలాగే వేళ్ళతో వెతికింది. ఒక చిన్న ఉండ దొరికింది. తీసి కంచం అంచున పెట్టింది.

"కుండ పట్టింది నువ్వే గదా అత్తా," అన్నాను.

"దానికే ఒక్క ఉండతో పోయింది," అని, కంచం ముందుకు జరిపింది. "ఇంగొకటి ఎయ్యి."