స్టిక్కర్లు అంటించిన డిస్కులు

ఒక మాట ఏళ్ల తరబడి నాలోనే ఉండిపోయింది. నేను మాటలు దాచుకునే మనిషిని కాను. బస్సులో పక్కన కూర్చున్నావిడకి కూడా మా ఇంటి సంగతులన్నీ చెప్పేస్తాను. ఇదొక్కటే గొంతులో నిలబడిపోయింది. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

మా పక్కింటి దానియేలు మాస్టారు చనిపోయే ముందు, అరుగు మీద కూర్చుని పాడిన పాట ఒకటి ఉండేది. ఆయన పాడుతుండగా తీసిన వీడియో అదొక్కటే. తీసింది ఆయన కోడలు గ్రేస్ వదిన, తన ఫోనులో. దాన్ని తుడిచేసింది నేను. తుడిచానని చెప్పలేదు. వదిన తుడిచిందని అందరూ అనుకుంటుంటే ఊరుకున్నాను.

మాస్టారు పోయాక ఆయన జ్ఞాపకార్థం పెట్టిన ఆదరణ కూడికకి చుట్టాలందరికీ ఆ పాట డిస్కులో పెట్టి ఇవ్వాలని సువార్తమ్మ పెద్దమ్మగారి కోరిక. ఆవిడ మాస్టారి భార్య. ఫోనులో పంపించుకోవచ్చని ఎవరు చెప్పినా వినలేదు. ఆవిడ టీవీ కింద డిస్కుల ప్లేయరు ఉంది, చూస్తే అందులోనే చూడాలి. వీధి మొత్తానికి కంప్యూటరు ఉన్నది మా ఇంట్లో. నేను పదో తరగతితో ఆపేసినా అంబాజీపేటలో కంప్యూటరు నేర్చుకున్నాను. "నేను చేసిపెడతానండి పెద్దమ్మగారూ" అని వాళ్లు అడగకముందే అన్నాను. అడగకముందే అనడం నా అలవాటు.

వదిన ఫోనులోంచి మెమరీ కార్డు తీసి ఇచ్చింది. దాంట్లోని పాటను కాపీ చేస్తే సరిపోయేది. నేను కట్ చేసి కంప్యూటర్లోకి తెచ్చేశాను. వదిన కార్డు ఖాళీ అవుతుంది, పాపం ఫోను నిండిపోయిందంటోంది కదా అనుకున్నాను. అది కూడా సాయమే అనుకున్నాను.

కూడికలో పంచేవన్నీ ముందు పాస్టరుగారి ప్రార్థనలో పెట్టడం మాలో పద్ధతి. అందుకని పెద్దమ్మగారు మాస్టారి ఫొటో, బైబిలు వాక్యం వేయించిన స్టిక్కర్లను మైదా జిగురుతో ఖాళీ డిస్కుల మీద ముందే అంటించి, ప్రార్థన చేయించి, అప్పుడు నాకిచ్చారు. పెట్టిన డిస్కు పెట్టినట్టే గరగరలాడేది. సగం దాకా ఎక్కి ఆగిపోయేది. వేగం తగ్గించి చూశాను. లోపల దూదితో తుడిచాను. ఇంకో డిస్కు, మరోటి. కాగితం అంటించిన డిస్కు సమంగా తిరగదని అప్పుడు నాకు తెలియదు. తప్పు డిస్కులో ఉందని తోచనేలేదు. ప్రార్థన చేసినవి కదా. తప్పు నాలోనో, నా కంప్యూటర్లోనో వెతికాను. చివరికి చోటు చాలట్లేదని తెర మీద వచ్చింది. సరే, చోటు చేద్దామని పాత సినిమా పాటలన్నీ ఒక్కసారే పట్టి, కంప్యూటరు చెత్తబుట్టలో కూడా మిగలకుండా తీసేశాను. మాస్టారి పాటను నేను దించింది వాటి మధ్యలోనే.

గుమ్మంలోకి పెద్దమ్మగారు వచ్చారు, వెనకాల వదిన.

"ఏమ్మా, అయ్యిందా? రేపు చుట్టాలొచ్చేస్తారు. మీ పెదనాన్నగారి పాట వినకుండా ఒక్కళ్లనీ కదలనివ్వను!"

"కార్డులో పాట లేదండి పెద్దమ్మగారూ."

ఎలా వచ్చిందో ఆ మాట. ఆలోచించి అన్నది కాదు. కానీ వెనక్కి తీసుకోవడానికి బోలెడంత సమయం ఉంది. తీసుకోలేదు.

"అదేంటమ్మా, నిన్న పాట చూసే కదా నీకిచ్చేను" అంది వదిన.

"ఇచ్చేరండి వదినా. ఖాళీ కార్డు ఇచ్చేరు."

పెద్దమ్మగారు వెనక్కి తిరిగారు. "పొద్దున్నే ఈ పాటలేంటి మావయ్యగారూ అన్న నోరు కదే నీది! ఇప్పుడు తీరిందా?"

వదిన ఏడవలేదు. నా వైపు చూసి, "ఆదివారం మా తమ్ముడొస్తాడు. వాడికివన్నీ తెలుసు. ఓసారి నీ కంప్యూటర్లో చూడమంటాను" అంది.

"ఆయ్, చూడమనండి" అన్నాను.

ఆదివారానికి ముందే, పాట జాడ కూడా కనపడకుండా కంప్యూటరు మొత్తం ఫార్మాట్ చేసి, మళ్లీ సినిమాలతో నింపేశాను. దీన్ని పొరపాటు అనలేను. భయం అనొచ్చా? భయమే, కానీ చాలా శ్రద్ధగా చేసిన భయం. వదిన తమ్ముడు వచ్చాడు, చూశాడు, ఏమీ లేదన్నాడు. టీ కూడా నేనే ఇచ్చాను.

ప్రార్థన చేసినవి పారేయకూడదని ఆ డిస్కుల్ని కూడికలో అలాగే పంచారు. పాట ఎందుకు లేదో పెద్దమ్మగారు ప్రతి ఒక్కరికీ చెప్పారు. "మా కోడలు తుడిపేసిందండి." జొన్నాడ నుంచి వచ్చిన చుట్టాలకీ, ఆలమూరు వాళ్లకీ అదే మాట. నేను అక్కడే విస్తళ్లు వేస్తున్నాను. ఆ తర్వాత ఆ ఇంట్లో రెండు పొయ్యిలయ్యాయి. పెద్దమ్మగారు కోడలి చేతి కూర తినరు.

ఇప్పుడు నేను అమలాపురంలో ఒక ఫొటో స్టూడియోలో పని చేస్తున్నాను. పోయిన పెళ్లి ఫొటోలు తిరిగి రప్పించడం నా పనే. కార్డు పట్టుకుని ఏడుపు మొహంతో వచ్చిన వాళ్లకి, "దాని మీద ఇంకేమీ ఎక్కించలేదు కదండీ? అయితే చాలా మటుకు వచ్చేస్తాయి" అని ధైర్యం చెబుతాను. ఈ పని నేర్చుకున్న రోజున అన్నం తినలేకపోయాను. ఆ గుమ్మంలో నిజం చెప్పి ఉంటే పాట దొరికేదేమో. పోగొట్టింది నా చేతి పొరపాటా, నా అబద్ధమా? అబద్ధమే అనుకుంటాను.

ఎందుకు చెప్పలేదని మీరు అడగొచ్చు. మొదట్లో భయం. తర్వాత, ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదంటారని భయం. ఆ తర్వాత భయం కూడా పోయి, అలవాటు మిగిలింది.

మొన్న చర్చి మెట్ల మీద చెప్పులు తొడుక్కుంటూ వదిన మామూలుగా అంది, "ఏమోనమ్మా, ఆ పాట నేనే తెలీకుండా ఎక్కడో నొక్కేసేనేమో. అత్తయ్యగారు ఊరికే అంటారా?"

ఇన్నేళ్లలో వదిన నన్ను ఒక్క మాట అనలేదు. నన్ను అనుమానించి కూడా పైకి అనలేదనుకునేదాన్ని. కాదు. తన కళ్లతో తను చూసిందాన్ని కూడా నమ్మడం మానేసింది.

లేదు వదినా. మీరు పాట ఉన్న కార్డే ఇచ్చారు. నేను చూశాను. తుడిచింది నేను.

వదినా, మీ ముందు అనాల్సిన మాట కాగితం మీద అంటున్నాను. కొంచెం ఊపిరి ఆడుతోంది. నాకు మాత్రమే.