కామాక్షిగారి వీణకు ఏసీ గాలి

నాంపల్లిలో మా పైవాటాలో ఉండే కామాక్షిగారికి ఎండాకాలమంటే హడల్. తన కోసం కాదు, వీణ కోసం. వీణ మీది ఇత్తడి మెట్లు నల్లటి మైనంలో నిలబడతాయి. ఎండ ముదిరితే మైనం మెత్తబడుతుంది, మెట్లు ఒరుగుతాయి, స్వరం తప్పుతుంది. అందుకని వేసవి వచ్చిందంటే ఆ ఇంట్లో ఫ్యాను వీణకు, విసనకర్ర మొగుడికి. ఆ మొగుడు లక్ష్మణరావుగారు నోరెత్తి ఎరగరు. మెట్లు వేయించడానికి వీణతో వీధిలోకి వెళ్తే గొడుగు కూడా వీణకే పట్టి, తను మాడుతూ నడుస్తారు.

నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండేది. ఆవిడ వాయిస్తుంటే నేను పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి మరిచిపోతాను. అంత విద్య ఉండీ పదిమంది ముందు ఒక్కసారీ వాయించలేదు. ఎవరు పిలిచినా, ఎండాకాలం మైనం కరుగుతుంది, వానాకాలం చెక్క ఉబ్బుతుంది, చలికాలం బిగుసుకుంటుంది అంటారు. ఆవిడకు జనమంటే భయం. ఆ భయానికి పాపం వీణ అడ్డం.

ఈసారి మా గల్లీ శ్రీరామనవమి పందిట్లో వాయించడానికి నేనే ఆవిడ పేరిచ్చేశాను. గొణుక్కుంటూ ఒప్పుకున్నారు. తీరా కచేరీ రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. పైవాటాకు కప్పంతా రేకులే.

"చూశావా జమునా, దేవుడికే ఇష్టం లేదు," అన్నారు కామాక్షిగారు, మొహం వెలిగిపోతూ.

నేను వదులుతానా? ఆటో పిలిచి, వీణను మా ఇద్దరి ఒళ్ళో పడుకోబెట్టుకుని, అబిడ్స్‌లో ఏసీ ఉన్న ఒక చీరల కొట్టుకు తీసుకుపోయాను. ఆటో దిగి కొట్టు గుమ్మం ఎక్కేదాకా, మా వెంట వచ్చిన లక్ష్మణరావుగారి గొడుగు వీణకు మామూలే. తెల్ల పరుపు మీద వీణను పెట్టి సాయంత్రం దాకా పట్టుచీరలు విప్పించాను. ఒకటి రంగు నచ్చలేదు, ఒకటి అంచు నచ్చలేదు.

"ఏందమ్మా, చీర మీకా, గీ వీణమ్మకా?" అన్నాడు సేల్స్‌మన్ మొగులయ్య, చీరల గుట్ట వెనకనుంచి.

దీపాలవేళ అతనే దేవుడి పటాలకు హారతి ఇచ్చి, పళ్ళెంతో నేరుగా వీణ దగ్గరికి వచ్చాడు.

"సరస్వతమ్మ మన కొట్లకే వచ్చింది. గామెకియ్యకుంటే ఎట్ల?"

భగభగ మండే కర్పూరం మెట్ల మీదుగా ఒక చుట్టు తిరిగింది. కామాక్షిగారు పుట్టినరోజున కొవ్వొత్తి ఊదినా పిల్లల్ని కేకలేసే మనిషి. దీపం నోటితో ఆర్పడం ఆవిడ దృష్టిలో ఘోరం. అలాంటిది ముందుకు వంగి, బుగ్గలు పూరించి, హారతిని ఉఫ్‌మని ఊదేశారు.

మొగులయ్య ఆరిపోయిన పళ్ళెంకేసి చూశాడు.

"ఏందమ్మా, గిట్ల చేసిన్రు?"

"మైనం కరిగిపోతుంది నాయనా," అన్నారావిడ ఏడుపు గొంతుతో.

"కరిగిందా మరి?"

"వాయిస్తేగానీ తెలీదు."

"జర వాయించి చూడున్రి. నాక్కూడ ఫికరైతుంది."

ఆ కంగారులో ఆవిడకు ఎక్కడున్నదీ గుర్తులేదు. ఒక్కో మెట్టూ నొక్కి మీటారు. అన్నీ సరిగ్గా పలికాయి. ఆ సంతోషంలో చెయ్యి ఆగలేదు, మోహన రాగం అందుకుంది. బేరాలాడేవాళ్ళు చీరలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయారు. ఆవిడ తలెత్తేసరికి అందరూ తననే చూస్తున్నారు. సిగ్గుతో మొహం కందిపోయింది.

"ఇంగొకటి వాయించున్రమ్మా," అన్నాడు మొగులయ్య. నా మనసు నిండిపోయింది. చీర మాత్రం కొనలేదు.

రాత్రికి కరెంటు వచ్చింది. పందిట్లో స్టేజీ మీద, సరిగ్గా వీణ నెత్తిన, పొయ్యిలా కాలే ఫోకస్ లైటు. ఆవిడ శ్రుతి చేస్తుండగానే లక్ష్మణరావుగారు పైకెక్కి గొడుగు విప్పి వీణకు అడ్డం పట్టారు. జనం గొల్లుమన్నారు. గొడుగు చాటున ఆవిడ మొహం మాయమైపోయింది. దాక్కోవడానికి మళ్ళీ చోటు దొరికిందిరా భగవంతుడా అని తల పట్టుకున్నాను.

వీణ ఆగింది.

"ఏవండీ, ఆ గొడుగు తీసేయండి."

"మైనం కామాక్షీ..."

"కరిగితే మళ్ళీ వేయించుకుందాం. నాకు జనం కనిపించట్లేదు."